మొసళ్ళను తగ్గించాలా? కృష్ణలో వల వేసేవాళ్ళ ప్రాణం మాటేమిటి?

జూరాల వల:

మాది మక్తల్ వైపు, కృష్ణ ఒడ్డున ఊరు. మూడు తరాలుగా చేపలే మా బతుకు. మొన్న ఎండాకాలం మా చిన్నాయన తెల్లవారుజామున వల తీయడానికి పోయాడు. లారీ ట్యూబ్ మీద పలక కట్టుకుని, కాళ్ళు నీళ్ళలో వేలాడేసి, చేతులతో నీళ్ళు వెనక్కి తోసుకుంటూ పోవడం మా దగ్గర మామూలే. వల బరువుగా తగిలితే పెద్ద బొచ్చె చేప పడిందనుకుని లాగాడు. అవతలి నుంచీ లాగింది. రెండోసారి లాగేసరికి ట్యూబ్ పేలింది, పిక్క మొసలి నోట్లో ఉంది. పక్క ట్యూబ్ మీదున్న మా అన్న కర్రతో ముట్టె మీద నాలుగు దెబ్బలు వేస్తే వదిలింది. ముప్పై రెండు కుట్లు పడ్డాయి. ఇప్పటికీ ఆ కాలి మీద బరువు వేసి నిలబడలేడు.

చెప్పుకుందామని అటవీ ఆఫీసుకు పోతే అక్కడి అధికారి అడిగిన మొదటి మాట, "ఆ టైంలో నీళ్ళలోకి ఎందుకు దిగారు?" అని. చేప పొద్దున్నే మార్కెట్‌కు చేరాలి. పది గంటలకు తీసుకుపోతే ఎవరు కొంటారు?

నా చిన్నప్పుడు ఎండాకాలంలో మొసళ్ళు ఒకటో రెండో కనబడేవి. పోయిన చలికాలం ఒక్క పొద్దున బండల మీద పది లెక్కపెట్టాను. చిరుత ఊరి దగ్గరికి వస్తే బోను పెడతారు కదా, మొసలికి ఎందుకు పెట్టరు? వీటి సంఖ్య తగ్గించాల్సిందే. పట్టుకుపోయి ఎక్కడైనా వదలండి, లేదంటే గుడ్లు తీసేయండి. కాదనేవాళ్ళు కారణం చెప్పండి, వింటాను.

ఎత్తిపోతల మామ:

తమ్ముడూ, మీ చిన్నాయన ప్రాణంతో బయటపడ్డాడు, అదే పదివేలు. నేను మొసళ్ళ పెంపకం పనిలో చాలా ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఇది రాస్తుంటే నా ముంజేతి మీద మచ్చ కనబడుతోంది. పిల్ల మొసలి చేసిన పని. పెద్దది పట్టుకుంటే ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మీ దగ్గరున్నది మగ్గర్, మంచినీటి మొసలి. చర్మం కోసం వేటాడి వేటాడి 1970ల నాటికి దేశంలో దాదాపు తుడిచిపెట్టేశారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగింది, 1975లో మొసళ్ళ ప్రాజెక్టు మొదలైంది. ఇసుక దిబ్బల్లో గుడ్లు వెతికి తెచ్చి పొదిగించేవాళ్ళు. పిల్ల నాలుగడుగులు అయ్యేదాకా పెంచి నదుల్లో వదిలేవాళ్ళు. 1980లో దీనికోసం హైదరాబాద్‌లోనే కేంద్ర శిక్షణ సంస్థ కూడా పెట్టారు. మంజీర, కిన్నెరసాని, పాకాల, ఇవన్నీ అలా వదిలిన చోట్లే. చివరికి పెంపకం కేంద్రాల్లో మగ్గర్లు ఎక్కువైపోయి, ఎక్కడ వదలాలో తెలియని పరిస్థితి వచ్చింది. "పట్టుకుపోయి ఎక్కడైనా వదలండి" అన్నావు. ఆ "ఎక్కడైనా" అనే చోటు లేదు. ఉన్నా, అక్కడా ఒక చిన్నాయన వల వేస్తూనే ఉంటాడు.

గుడ్ల సంగతి. తల్లి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు ఇసుకలో గొయ్యి తీసి పాతిక ముప్పై పెడుతుంది. వానలకు ముందు పిల్లలు బయటికొస్తాయి. కొంగలు, ఉడుములు, పెద్ద చేపలు, చివరికి పెద్ద మొసళ్ళు కూడా తినగా, వందకు ఒకటి బతికి పెద్దదైతే గొప్ప. ఈ ఏడాది గుడ్లు తీస్తే దాని ఫలితం పదేళ్ళ తర్వాత కనబడుతుంది. మీ చిన్నాయనను పట్టుకున్నది మాత్రం ఇప్పటికే పెద్దదైన మొసలి. అది అక్కడే ఉంటుంది.

కనబడేవి పెరిగాయి, కాదనను. జూరాల డ్యామ్ కట్టాక మీ వైపు నదిలో నీళ్ళు ఏడాది పొడవునా నిలుస్తున్నాయి. అది వాటికీ అనుకూలమే, మీకూ అనుకూలమే. ఎండాకాలం నీరు తగ్గి మడుగులు మిగిలినప్పుడు చేప అక్కడే చేరుతుంది, మొసలీ అక్కడే, మీరూ అక్కడే. ప్రమాదం మొసళ్ళు ఎన్ని అన్నదాని కంటే ఈ మూడూ ఒకేచోట కలవడంలో ఉంది.

డార్విన్ తెలుగు:

నేను ఉత్తర ఆస్ట్రేలియాలో ఉంటాను, డార్విన్‌లో. ఇక్కడివి ఉప్పునీటి మొసళ్ళు. మగ్గర్ కంటే బాగా పెద్దవి, మనిషిని తినడానికే పట్టే రకం. 1971లో వేట ఆపేసరికి ఇక్కడి నార్తర్న్ టెరిటరీలో మూడు వేలు మిగిలాయని అంచనా. ఇప్పుడు లక్ష ఉన్నాయంటారు, జనాభా రెండున్నర లక్షలు.

ఇక్కడ ప్రాంతాన్ని బట్టి పద్ధతి. డార్విన్ హార్బర్‌లో ఒక్క మొసలిని కూడా ఉండనివ్వరు. తేలే బోనుల్లో మాంసం వేలాడదీసి ఏడాదికి సుమారు 250 నుంచి 300 దాకా పట్టేస్తారు. వాటిని దూరం తీసుకెళ్ళి వదలరు, ఫారాలకు పంపేస్తారు. ఎందుకో చెప్తాను. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో ఆస్ట్రేలియా ఈశాన్య మూలనున్న కేప్ యార్క్ ద్వీపకల్పంలో మొసళ్ళను హెలికాప్టర్‌లో తీసుకెళ్ళి వదిలి, శాటిలైట్ ట్రాన్స్‌మిటర్లతో గమనించారు. ఒకదాన్ని ద్వీపకల్పం పడమటి తీరం నుంచి తూర్పు తీరానికి మార్చారు. అది తీరం చుట్టూ 400 కిలోమీటర్లకు పైగా ఈదుకుంటూ 20 రోజుల్లో తన చోటికే వచ్చేసింది.

ఊరు దాటితే నదులు మొసళ్ళవే. అక్కడ జాగ్రత్త మనిషిది. ఒడ్డు నుంచి 5 మీటర్లు దూరంగా నిలబడాలి, పట్టిన చేపను నీటి అంచున కోసి కడగకూడదు, రోజూ ఒకే టైంకి ఒకే చోటికి పోకూడదు. ఆఖరిది చాలామందికి తెలియదు. మొసలి రెండు మూడు రోజులు చూస్తుంది, నాలుగో రోజు అక్కడే కాచుకుంటుంది. 1987లో రోడ్డు నదిని దాటే కాహిల్స్ క్రాసింగ్ దగ్గర చేపలు పట్టే మనిషి అందరూ చూస్తుండగా చనిపోయాడు. ఇప్పటికీ అక్కడ మోకాలి లోతు నీళ్ళలో గాలం వేసేవాళ్ళు కనబడతారు, చూస్తే నాకు టెన్షన్.

2024 జూలైలో 12 ఏళ్ళ పాప పోయింది. 2018 తర్వాత ఈ టెరిటరీలో అదే మొదటి మరణం. లక్ష మొసళ్ళ మధ్య అన్నేళ్ళు ఎవరూ పోలేదంటే జాగ్రత్తలు పనిచేస్తున్నట్టే. అయినా అదే ఏడాది కొత్త ప్రణాళికలో, తొలగించే పరిమితిని ఏడాదికి 300 నుంచి 1,200కు పెంచారు. తగ్గించడం తప్పేం కాదు. కానీ లక్షలో 1,200 తీస్తే నది సురక్షితం అయిందని ఎవరైనా అనుకుంటే, ఆ ధైర్యమే వాళ్ళ ప్రాణం తీస్తుంది.

జూరాల వల:

అన్నా, మీ దగ్గర సెలవు రోజు అల్యూమినియం పడవలో పోయి చేపలు పడతారు. పడకపోయినా ఇంటికొచ్చి అన్నం తింటారు. మాకు ఐదు మీటర్ల దూరం అంటే వల వేయొద్దనే కదా? మా సంఘంలో సొంత పుట్టి, అంటే గుండ్రటి తట్ట పడవ, ఉన్నవాళ్ళు సగం కూడా లేరు. మిగతావాళ్ళు ట్యూబ్ మీద, థర్మాకోల్ షీట్ మీద పోతారు. థర్మాకోల్ మీద బోర్లా పడుకుని పోయేవాడి మోచేతులు నీళ్ళలోనే ఉంటాయి. జాగ్రత్తలన్నీ పడవ ఉన్నవాడి కోసం రాసినట్టున్నాయి.

మామా, మీరు చెప్పిన మడుగుల మాట మాత్రం నిజం. మా చిన్నాయనకు జరిగిందీ మేలోనే.

మంజీర గట్టు:

సంగారెడ్డి నుంచి, స్కూల్ టీచర్‌ను. పిల్లలను మంజీర అభయారణ్యానికి తీసుకెళ్తుంటాను. 1978లో దాన్ని ప్రకటించిందే ముఖ్యంగా మగ్గర్ల కోసం. అక్కడి నీళ్ళు హైదరాబాద్ తాగింది. ఆ నదిలో మొసలి ఉండడం నాకు గర్వం.

అందుకే ఒక మాట అడుగుతాను. మనం వాటి ఇసుక దిబ్బలు లారీలకు ఎత్తేస్తున్నాం. గుడ్డు పెట్టే చోటు పోయాక, తల్లి మనుషులు దిగే ఒడ్డుకే వచ్చి పెడుతుంది, గూడు కాపలా కాస్తూ మీదికొస్తుంది. చికెన్ షాపుల వ్యర్థాలు మూటలు కట్టి వంతెన మీద నుంచి నదిలోకి విసురుతున్నాం. వాటికి జెల్లలు చేరతాయి, జెల్లల కోసం మొసలి చేరుతుంది, మర్నాడు పొద్దున అక్కడే ఎవరో విసురువల వేస్తారు. ఇందులో మొసలి తప్పు ఎంత?

గుజరాత్‌లో చరోతర్ వైపు ఊరి చెరువుల్లోనే మగ్గర్లు ఉంటాయి. మలాతజ్ అనే ఊళ్ళో ఖోడియార్ అమ్మవారి వాహనమని మొక్కుతారు. అదే చెరువు గట్టున బట్టలు ఉతుకుతారు. శ్రీలంకలో స్నానం చేసే చోట నీళ్ళలోనే కర్రలతో, ఇనుప జాలీతో ఆవరణ కడతారు, కింబుల కొటువ అంటారు. మన రేవుల్లో అలాంటిది ఒక్కటీ లేదు ఎందుకని?

పారాదీప్ ఒడ్డు:

అమ్మా, గర్వం అనే మాట మా దగ్గర ఎవరి నోటా రాదు. మా తాత ఇచ్ఛాపురం వైపు నుంచి ఇక్కడికి వలస వచ్చాడు. మాది సముద్రం మీద వేట, కానీ ఒడిశాలోని భితర్‌కనిక నేషనల్ పార్కు పక్కనే, కేంద్రాపడా జిల్లా వాళ్ళతో రోజూ పని. 1970ల మధ్యలో అక్కడ ఉప్పునీటి మొసళ్ళు వంద కూడా లేవు. ఇప్పుడు ఏటా జనవరి లెక్కలో 1,800 పైన వస్తున్నాయి. పార్కు లోపల ఏర్లు నిండిపోయాయి, కాబట్టి వరద నీటితో ఊళ్ళ కాలవల్లోకి వస్తున్నాయి. 2023 వానాకాలంలో కొన్ని వారాల తేడాలో పలువురిని లాక్కుపోయాయి. అందులో స్నానానికి దిగిన పిల్లాడూ ఉన్నాడు.

మీరు చెప్పిన కంచెలు ఇక్కడ చాలా రేవులకు కట్టారు. మొదటి ఏడాది బాగుంటాయి. వరదకు ఒక మూల వెదురు ఊడుతుంది. ఎవరూ చూడరు. అందరూ కంచె ఉందనే ధైర్యంతో దిగుతారు. కంచె కట్టడం కాదు, ప్రతి వరద తర్వాత దాన్ని తడిమి చూసే మనిషికి జీతం ఇవ్వడం ముఖ్యం. ఇంతకీ కంచె స్నానానికే. పీతల కోసం నడుం లోతు బురదలో దిగే ఆడవాళ్ళకు ఏ కంచె కడతారు?

నేనైతే సంఖ్యకు ఒక హద్దు ఉండాలనే అంటాను. ఒక ఏరు ఎన్నిటిని మోయగలదో లెక్క ఉండాలి. అంతరించిపోతున్నప్పుడు పెంచడానికి ప్రణాళిక వేశారు. పెరిగాక ఏం చేయాలన్న ప్రణాళిక ఎందుకు లేదు?

ఎత్తిపోతల మామ:

పారాదీప్ బాబూ, ఈ ప్రశ్నకు నా దగ్గర తేలిక జవాబు లేదు. పెంచే పనిలో ఉన్నవాళ్ళం మేము, పెరిగాక ఏమిటని ఆ రోజుల్లో మాలో ఎవరూ గట్టిగా అడగలేదు. అది ఒప్పుకుంటాను. మీ దగ్గరున్నది వేరే జాతి, మనిషిని ఆహారంగా చూస్తుంది. అక్కడ హద్దు గురించి మాట్లాడటం తప్పు కాదు. మగ్గర్ కూడా మనిషిని చంపిన సందర్భాలున్నాయి. అయినా దాని దాడుల్లో చాలావరకు వలలో చిక్కి భయపడటమో, గూడు కాయడమో, నీళ్ళలో కదిలిన కాలిని చేప అనుకోవడమో ఉంటుంది. రెంటికీ ఒకే మందు వద్దు.

జూరాల తమ్ముడికి ఒక సంగతి. చట్టంలో దారి లేదని ఎవరైనా అంటే నమ్మకు. ఆ 1972 చట్టం 11వ సెక్షన్ ప్రకారం, మనిషి ప్రాణానికి ప్రమాదమైన జంతువు మీద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి అధికారి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వవచ్చు. ముందు పట్టుకోవాలి, తరలించాలి. అది కుదరకపోతేనే చంపడం. కాకపోతే అది ఫలానా జంతువు గురించి ఇచ్చే ఉత్తర్వు. "మొసళ్ళు ఎక్కువయ్యాయి" అని రాస్తే ఫైలు కదలదు. "ఈ మొసలి, ఈ చోట, ఈ రోజు, ఈ మనిషిని" అని రాయాలి. పట్టాక మళ్ళీ నదిలో కాదు, జూకో పెంపకం కేంద్రానికో పంపమని అందులోనే అడగాలి. ఒక్కదానికైతే చోటు దొరుకుతుంది.

మరొకటి, కొర్రమీను కోసం ఒడ్డు బొరియల్లో చేయి పెట్టే అలవాటు మీవాళ్ళకు ఉంటే మాన్పించు. మగ్గర్ ఎండాకాలం దాక్కునేది అలాంటి బొరియల్లోనే.

డార్విన్ తెలుగు:

తమ్ముడు చెప్పింది నిజం, మా జాగ్రత్తలు పడవ ఉన్నవాళ్ళ కోసమే. దీని మీద రాత్రంతా ఆలోచించాను. ట్యూబ్ మీద పోయే మనిషికి ఎన్ని బోర్డులు పెట్టినా కాలు నీళ్ళలోనే ఉంటుంది. చేప పిల్లలను ప్రభుత్వం ఉచితంగా వదులుతోంది కదా. ఆ చేపను పట్టే మనిషికి పుట్టి ఇవ్వడం కూడా ఆ పథకంలో భాగమే కావాలి.

జూరాల వల:

ఈ చర్చంతా చిన్నాయనకు చదివి వినిపించాను. పుట్టి మాట రాగానే "అది ముప్పై ఏళ్ళ నుంచి అడుగుతున్నాం" అన్నాడు. సంఖ్య తగ్గించాలన్న నా మాటకు ఆయనే ఒప్పుకోలేదు, నాకు ఆశ్చర్యం వేసింది. ఆయన అన్నది ఇది: "ఆ రెండు బండల నడుమ ఉంటది, తోక కొన తెగి ఉంటది. దాన్ని పట్టుకుపొమ్మను. మిగతావాటి నడుమనే మా నాయన వల వేసిండు, నేనూ వేసిన."

నేను మాత్రం పూర్తిగా మారలేదు. ఇవాళ తోక తెగినది, రేపు ఇంకోటి. కానీ ముందు దీని సంగతి తేలాలి. అర్జీ రాస్తున్నాను. పుట్టి గురించి సంఘం లెటర్‌హెడ్ మీద వేరే అర్జీ.

పారాదీప్ ఒడ్డు:

రాయి తమ్ముడూ. తారీఖు వేసి, తీసుకున్నట్టు స్టాంపు వేయించుకో. లేకపోతే ఆ కాగితం ఇచ్చినట్టే ఉండదు.

ఎత్తిపోతల మామ:

అర్జీకి ఫోటో జత చెయ్యి. చలికాలం పొద్దున ఎనిమిది, పది మధ్య బండ మీదికి వచ్చి నోరు తెరుచుకుని పడుకుంటుంది. తోక కొన కనబడేలా పక్క నుంచి తియ్యి, వెనకున్న బండ కూడా పడాలి, చోటు గుర్తుపట్టడానికి. అవతలి ఒడ్డు నుంచే తియ్యి. దగ్గరికి మాత్రం పోకు.