ఇంట్లో మానసిక జబ్బున్న బిడ్డ ఉన్న తల్లిదండ్రులు తిరుపతిలో ఎవరైనా ఉన్నారా?

ప్రశ్న: కొర్లగుంట అమ్మ

మా వాడు ఇంజినీరింగ్ మధ్యలో హాస్టల్ నుంచి వచ్చేశాడు. పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని కిటికీలు తెరవనివ్వడు. ఫ్యాన్ వేస్తే అందులోంచి తిట్లు వినిపిస్తాయంటాడు. సైకియాట్రిస్టుకు చూపించాం, మాత్రలు మొదలయ్యాయి. ఇప్పుడు రాత్రి నిద్ర పడుతోంది, కానీ మధ్యాహ్నం దాకా లేవడు. గాలి సోకింది, తాయెత్తు కట్టించమని మా ఆడపడుచు. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని మా మామగారు. మందుల సంగతి డాక్టరుగారు చెప్పారు. వీళ్లకేం జవాబు చెప్పాలో ఎవర్ని అడగను? మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

జవాబు: చిత్తూరు నుంచి

అమ్మా, మా అమ్మాయికి బైపోలార్, కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు తీరని దిగులు ఉండే జబ్బు. ముందు ఒకటి చెప్తాను, మీ వాడిది బద్ధకం కాదు. కొన్ని మాత్రలకు మత్తుంటుంది, జబ్బు వల్ల కూడా ఒంట్లో చురుకు పోతుంది. మాత్ర వేసే టైమ్ మార్చొచ్చేమో డాక్టర్ని అడగండి. మీ అంతట మీరు తగ్గించొద్దు, బాగున్నాడు కదా అని ఆపనూ వద్దు, తిరగబెడుతుంది.

ఆ మాటలు వినిపిస్తున్నాయన్నప్పుడు అబద్ధమని వాదించకండి, నిజమనీ అనకండి. "నాకు వినపడలేదు నాన్నా, నీకు భయమేస్తోందని మాత్రం తెలుస్తోంది" అనండి.

మా పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి ఏమైందే అంటే నోరు విప్పదు. నేను చాటలో చెనక్కాయలు పోసుకుని ఒలుస్తూ కూర్చుంటా. కాసేపటికి తనూ వచ్చి ఒలుస్తుంది. అప్పుడొస్తాయి మాటలు, రాత్రి ఎందుకు ఏడ్చిందో, ఏ స్నేహితురాలు ఫోన్ ఎత్తడం లేదో అన్నీ.

పక్కింటావిడకు "ఒంట్లో బాలేదు, మందులు వాడుతున్నాం" అంటే చాలు. పెళ్లి మాట మాత్రం గట్టిగా ఆపండి. అది వైద్యం కాదు, ఇంకో ఆడపిల్ల బతుకు కూడా.

జవాబు: ఎం.ఆర్.పల్లి తమ్ముడు

అక్కా, మా అన్నకు స్కిజోఫ్రెనియా, లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటివి ఉండే జబ్బు. రాత్రిపూట దిక్కు తోచకపోతే టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఫోన్ చేయండి. 2022 నుంచి ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. జబ్బున్నవాళ్లే కాదు, మనమూ చేయొచ్చు. ఎప్పుడైనా చచ్చిపోతానంటే ఒంటరిగా వదలొద్దు, తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. కొంతమంది కేసవుతుందని దాస్తారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు.

మా నాన్న మాత్రం ఇప్పటికీ ఎవరితోనూ ఈ మాట ఎత్తడు. ఆయన్ను ఎవరైనా కలిస్తే బాగుండు.

కొర్లగుంట అమ్మ

మా ఆయనా అంతే తమ్ముడూ, రాత్రిళ్లు వరండాలో ఒక్కడే కూర్చుంటాడు. వచ్చే ఆదివారం సాయంత్రం ప్రకాశం పార్కులో కలుద్దామా? పిల్లల పేర్లు చెప్పక్కర్లేదు, విన్నది బయట అనకూడదు, అంతే. మీ నాన్నను తీసుకురండి, నేను ఈయన్ను తీసుకొస్తా. చిత్తూరు అక్కా, చీకటిపడకముందే బస్సెక్కేలా నాలుగింటికే పెట్టుకుందాం, మీకు కుదురుతుందా?