యోగాకి ఇల్లు పనికొస్తుందా? రెండు గదుల పోర్షన్‌లో ఎలా?

కొత్తపేట కోడలు:
మాది విజయనగరంలో రెండు గదుల అద్దె పోర్షను. చిన్న విషయానికీ నాకు గుండె దడ, రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టదు. డాక్టరుగారు పరీక్షలన్నీ చూసి "మందులక్కర్లేదు, యోగా చెయ్యమ్మా" అన్నారు. మా ఆయన సెల్లులో వీడియో పెట్టిచ్చి "ఇంట్లోనే చేసుకో, బయటికెందుకు" అంటున్నారు. ఐదున్నరకి చాప పరుస్తాను. ఊపిరి మీద ధ్యాస నిలిచేలోపు కుళాయి వస్తుంది. బిందెలు నింపి వచ్చేసరికి పాలవాడు. మళ్ళీ కూర్చుంటే అత్తయ్యగారు గడపలో నిలబడి "అయిపోయిందేటమ్మా?" అంటారు. ఆవిడ తప్పు కాదు, అది టీ వేళ. నాకు టెన్షన్ పుట్టేదే ఈ ఇంట్లో, తగ్గడం కూడా ఇక్కడే ఎలా? డబ్బు కట్టి క్లాసుకి వెళ్ళనా?

రిటైర్డు మాస్టారు:
నాలుగున్నరకి లేవమ్మా. అప్పటికి కుళాయీ రాదు, పాలవాడూ రాడు. నాది ముప్పై ఏళ్ళ అలవాటు. మన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు ఊపిరి బిగబట్టి ఒంటికి కట్టిన ఇనుప గొలుసులు తెంచేవారు. శ్వాస మీద ఆ పట్టు ఊరికే వచ్చిందా? మనసుంటే మార్గం ఉంటుంది.

గంటస్తంభం:
మాస్టారూ, నాలుగున్నరకి మీరు లేస్తే కాఫీ ఎవరు కలుపుతున్నారో అది కూడా రాయండి. ఒంటిగంట దాకా నిద్రపట్టని మనిషిని ఇంకో గంట ముందు లేవమంటే ఎలా? నాయుడు గారు మల్లయోధులు, ఈవిడకి గొలుసులు తెంచే పనిలేదు.
క్లాసు మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. 2025 జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్ నుంచి మన భోగాపురం దాకా లక్షల మంది యోగా చేశారు కదా, నేనూ వెళ్ళాను. నలుగురితో చేస్తుంటే ఆ పూట భలే ఉంది. ఆ చాప మీద ఇప్పుడు మా ఇంట్లో వడియాలు ఎండుతున్నాయి.

నాగావళి గట్టు:
మాది శ్రీకాకుళం. ఇంటి సంగతి తర్వాత, ముందు ఆ సెల్లు పక్కన పెట్టండి. 2020 లాక్‌డౌన్‌లో వీడియో చూసి శీర్షాసనం వెయ్యబోయాను. మెడ పట్టేసి మూడు వారాలు కాలరు పెట్టుకుని తిరిగాను. వీడియోలో ఉన్నాయనకి నా మెడ కనబడదు కదా! తర్వాత ఒక గురువుగారి దగ్గర చేరితే మొదటిరోజే బీపీ ఉందా, హెర్నియా ఉందా, కంటి నరాన్ని దెబ్బతీసే గ్లకోమా జబ్బు ఉందా అని అడిగారు. బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టకూడదు, గ్లకోమా ఉంటే తలకిందుల ఆసనాలు వెయ్యకూడదు. ఇవి తెలియకుండా ఇంట్లో మొదలుపెట్టడం తప్పు. ఒక్క నెల నేర్చుకోండి, ఆపైన మీ ఇల్లు, మీ చాప.

నైట్ డ్యూటీ నర్సు:
చెల్లీ, చాపే అక్కర్లేదు. ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. అందుకే వదలడం పొడవుగా ఉండాలి. నాలుగు అంకెలు లెక్కపెట్టి పీల్చు, ఆరు లెక్కపెట్టి వదులు. మధ్యలో బిగబట్టకు. కుళాయి దగ్గర బిందె నిండేదాకా ఎలాగూ నిలబడతావు కదా, అప్పుడే చెయ్యి. నేను వార్డులో ఫైళ్ళు రాసుకుంటూ చేస్తాను.

రిటైర్డు మాస్టారు:
బిందె దగ్గర చేసేది యోగా కాదమ్మా, ఓదార్పు. ఆసనానికి ఒక చోటు, ఒక వేళ ఉండాలి. కాఫీ నేనే కలుపుకుంటాను, గంటస్తంభం గారూ. ఈమధ్యనే లెండి.

కొత్తపేట కోడలు:
వారం చేసి చూశాను. మొదటి రెండు రోజులూ అంకెల్లో పడి బిందె పొర్లిపోయింది. మాస్టారూ, ఓదార్పే అనుకోండి, నిన్న రాత్రి పదకొండున్నరకి నిద్రపట్టింది. క్లాసు మాత్రం వదలను. నెల రోజులు నేర్చుకుంటాను, ఆ గంటా అత్తయ్యగారికి టీ మీరు పెట్టండి అని మా ఆయనతో చెప్పాను. ఇంకా జవాబు రాలేదు.