అప్‌డేట్: మా బాబుకి వచ్చింది గజ్జి, ఇప్పుడు నయం

హాస్టల్ నుంచి వచ్చిన మా బాబుకి రాత్రిళ్లు విపరీతమైన దురద, మందుల షాపు ఆయింట్‌మెంట్‌తో తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోందని పోయిన నెల అడిగాను కదా. స్కిన్ డాక్టర్ వాడి వేళ్ల సందుల్లో వెంట్రుకలాంటి సన్నని గీతలు చూసి గజ్జి అన్నారు, చర్మంలోకి దూరే సన్న పురుగు చేసే దారులట అవి. 5 శాతం పర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా రాసి, రాత్రంతా ఉంచి పొద్దున స్నానం చేయించాం. దురదే లేని మా అత్తయ్యతో సహా అందరం అదే రాత్రి రాసుకున్నాం. అదే అసలు కీలకం, దయచేసి ఎవర్నీ వదలకండి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికాం. వారానికి మళ్లీ రాశాం.

పదో రోజు కూడా గోక్కుంటుంటే టెన్షన్ పడ్డాను. పురుగు చచ్చినా దురద కొన్ని వారాలు ఉండొచ్చన్నారు డాక్టర్. నిన్న రాత్రి వాడు ఒక్కసారీ లేవలేదు.