అద్దెకున్నవారి కుక్క కరిస్తే ఇంటి యజమానిదీ బాధ్యతేనా?

అనంతపురంలో మా మేడ మీది వాటా అద్దెకిచ్చాం. వాళ్ళు మాతో చెప్పే కుక్కను తెచ్చుకున్నారు; అద్దె కాగితంలో మాత్రం దాని ఊసే లేదు. పోయిన వారం గేటు గొళ్ళెం తీసి ఉండటంతో అది వీధిలోకి దూకి, పాలు పోసే కుర్రవాడి పిక్క పట్టుకుంది. పళ్ళు లోతుగా దిగాయి. పెద్దాసుపత్రిలో గాయం చుట్టూ రేబిస్‌ను అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ మందు వేసి, టీకాలు మొదలుపెట్టారు.

ఇప్పుడు కుర్రవాడి తండ్రి ‘గేటు మీది, ఖర్చూ మీదే’ అంటున్నారు. అద్దెకున్నాయన గొళ్ళెం పాడైందంటున్నాడు. ఉగాదికే కొత్తది వేయించాం, ఆ సాకు చెల్లదు!

నేరాలకు శిక్షలు చెప్పే చట్టం భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ చూశాను. తన దగ్గరున్న జంతువు విషయంలో నిర్లక్ష్యం చూపితే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అది కుక్కను పెంచేవారికే వర్తిస్తుందనిపిస్తోంది. కానీ పరిహారం కోసం సివిల్ దావా వేస్తే, ఉమ్మడి గేటు పేరుతో మమ్మల్నీ ప్రతివాదులుగా చేర్చవచ్చా? ఆ కుక్క కరుస్తుందని మాకు ముందే తెలుసా లేదా అన్నది లెక్కలోకి వస్తుందా? కుర్రవాడి మందులకు కొంత ఇద్దామని ఉంది. ఇస్తే బాధ్యత ఒప్పుకున్నట్టు అవుతుందా? ఇలాంటి వ్యవహారాలు చూసిన న్యాయవాదులెవరైనా చెప్పగలరా?