పనామా జెండా ఓడ అయితే విజయవాడలో మన చట్టం చెల్లదా?

పటమట అక్క:
మా చెల్లెలు నాటికల్ సైన్స్ పూర్తి చేసింది. సీడీసీ (నావికుల గుర్తింపు పుస్తకం), కోర్సుల సర్టిఫికెట్లు అన్నీ ఉన్నాయి. బందరు రోడ్డులో ఒక ఏజెంట్ ఫైలు కూడా తెరవలేదు. "ఓనరు ఆడపిల్లలు వద్దన్నాడమ్మా. ఓడ పనామాది, మన చట్టాలు చెల్లవు" అని పంపేశాడు. నిజంగా అంతేనా?

ఇంజిన్‌రూమ్:
చట్టం సంగతి అతను చెప్పిందే నిజమండీ. 1982 సముద్ర చట్టాల ఒప్పందంలో 92వ అధికరణ చూడండి. నడిసంద్రంలో ఓడ మీద అధికారం జెండా దేశానిదే, అంటే ఓడ ఏ దేశంలో రిజిస్టరైతే ఆ దేశానిదే. సిబ్బంది పని పరిస్థితులు కూడా ఆ దేశమే చూడాలని 94వది చెబుతోంది. హోండురాస్ జెండా ఓడల సిబ్బందికి తమ కార్మిక సంబంధాల చట్టం వర్తించదని 1963లో అమెరికా సుప్రీంకోర్టే తేల్చింది. ఒకే ఓడలో నాలుగైదు దేశాల వాళ్లం పనిచేస్తాం, ఎవరి చట్టం వాళ్లకంటే నడుస్తుందా?

గుంటూరు వకీలు:
నడిసంద్రం దాకా ఎందుకండీ? ఆ అమ్మాయిని కాదన్నది బందరు రోడ్డులో! నియామకంలో ఆడ, మగ తేడా చూపకూడదని 1976 సమాన వేతన చట్టం చెప్పింది, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ మూడో సెక్షనూ అదే చెబుతోంది. చట్టమే నిషేధించిన పనులకే మినహాయింపు. 1987లో మెకినన్ మెకెంజీ అనే షిప్పింగ్ కంపెనీ మహిళా స్టెనోలకు తక్కువ జీతమిస్తే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కంపెనీకి ఇచ్చే స్తోమత లేదన్న వాదననూ కొట్టేసింది.

ఇంజిన్‌రూమ్:
మెకినన్ కేసు ముంబై ఆఫీసుది, ఆ స్టెనోలు ఓడెక్కినవాళ్లు కాదు. పైగా ఏజెంటు యజమాని కాదుగా? బ్రిటన్ 2011 నిబంధనలు కూడా బయటి దేశాల్లో చేర్చుకున్న మనలాంటి నావికులకు జాతీయతను బట్టి తక్కువ జీతమివ్వడానికి వీలు కల్పించాయి.

గుంటూరు వకీలు:
జీతాల సంగతి మీరన్నట్టే ఉంది, అది పచ్చి అన్యాయం. ఏజెంటు యజమానా కాదా అన్నది కోర్టులో గట్టిగా వాదించాల్సిన విషయమే, కాదనను. కానీ అతనికి లైసెన్సిచ్చేది పనామా కాదు, మన కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం డీజీ షిప్పింగ్. 2006 సముద్ర కార్మిక ఒప్పందాన్ని భారత్ 2015లో ఆమోదించింది. ఉద్యోగంలో వివక్ష పోగొట్టాలని అందులో మూడో అధికరణే చెబుతోంది. తన గడ్డ మీద నావికుల్ని చేర్చే ఏజెన్సీలపై నిఘా పెట్టాల్సిన బాధ్యతా మన ప్రభుత్వానిదే. అక్కా, నోటిమాటతో ఊరుకోవద్దు. దరఖాస్తు మెయిల్లో పంపించి, కాదంటే కారణం రాతలో అడగమనండి. అది చేతికొచ్చాక ఫిర్యాదు పెట్టండి.

పటమట అక్క:
లైసెన్సు నంబరు వాళ్ల బోర్డు మీదే ఉంది, ఫోటో తీసింది. మెయిల్ ఈ రాత్రికే పంపిస్తాం. ఫిర్యాదులో ఏజెంటుతో పాటు ఓడ ఓనరు పేరు కూడా రాయాలా అండీ?