తుపాను జాబితాల్లో ‘లబ్ధిదారు’ అనొచ్చా?

సభ్యులకు నమస్కారం. తుపాను తర్వాత ఉద్దానంలో ఒక ఊళ్ళో గోడకు అంటించిన కాగితం చూశాను. పైన ‘కొబ్బరి నష్టపరిహారం – లబ్ధిదారుల జాబితా’ అని ఉంది. మొవ్వు విరిగిన కొబ్బరిచెట్టు నెలల తరబడి అలా నిలబడే ఉంటుంది, ఇక కాయదు. నాటు రకం మొక్క మళ్ళీ వేస్తే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు తోటలకు తోటలే అలా పోయాయి. ఆ రైతు ఏం లబ్ధి పొందాడని లబ్ధిదారు? పింఛనుకో, ఇళ్ళ పథకానికో ఆ మాట చెల్లుతుందేమో గానీ ఇక్కడ నాకు బాధగా ఉంది. మీరేమంటారు?

విజయనగరం నుంచి ఒక మాస్టారు:
లభ్ ధాతువు నుంచి వచ్చిన మాట అది. లబ్ధి అంటే పొందడం, అంతే. నిఘంటువు ప్రకారం తప్పు లేదు. అయినా మీ బాధ అర్థమైంది. ‘బాధితుల జాబితా’ అంటే సరిపోతుంది కదా?

నా జవాబు:
మాస్టారూ, ధాతువు సంగతి మీరన్నట్టే. కానీ ‘రాజకీయ లబ్ధి’ అనగానే మనకు వినబడేది లాభమే. ఇక ‘బాధితుడు’ అంటే పోగొట్టుకున్నవాడు కనిపిస్తాడు, ఇవ్వాల్సినవాడు కనిపించడు. నా పట్టింపంతా దాని గురించే. ఎక్స్‌గ్రేషియా కూడా ఇలాంటిదే, లాటిన్‌లో ‘దయతో’ అని. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చినప్పుడు దాని 12వ సెక్షన్‌లో పెట్టింది ఆ మాటే. కరోనా మృతుల కుటుంబాల కేసులో 2021 జూన్ 30న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను విప్పి చెప్పింది. ఎక్స్‌గ్రేషియాకు మార్గదర్శకాలు పెట్టడం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇష్టాయిష్టాల మీద ఉండదు, పెట్టి తీరాలి అంది. మొత్తం ఎంతన్నది మాత్రం ఆ సంస్థకే వదిలింది. అంటే పేరులో దయ ఉన్నా పని బాధ్యతే.

ఆ తర్వాత విషయం ఇంకా ముందుకు వెళ్ళింది. 2024 మార్చిలో బట్టమేక పిట్టలను కరెంటు తీగల నుంచి కాపాడాలన్న కేసులో అదే కోర్టు, వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగం 14, 21 అధికరణాల (సమానత్వం, జీవించే హక్కు) కింద పౌరుల హక్కు అంది. 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం, వాతావరణాన్ని కాపాడే బాధ్యతలు దేశాలకు చట్టపరంగానే ఉన్నాయని, మానవ హక్కుల చట్టం కూడా అందులోకి వస్తుందని చెప్పింది. అది సలహాగా ఇచ్చిన అభిప్రాయమే, అయినా తీసిపారేయదగ్గది కాదు. వనువాటు అనే చిన్న ద్వీపదేశం చొరవతో అక్కడిదాకా వెళ్ళిన ప్రశ్న అది. ఇన్ని జరిగాక కూడా మన గోడ మీద ‘లబ్ధిదారు’ అనే ఉండాలా? నేనైతే ‘హక్కుదారుల జాబితా’ అంటాను. భూమి కాగితాల్లో అలవాటున్న మాటే.

పలాస వైపు నుంచి ఒక సభ్యురాలు:
మా చిన్నాన్న కౌలుకు వరి వేస్తాడు. పంట మునిగితే వచ్చేది ‘ఇన్‌పుట్ సబ్సిడీ’, అది కూడా భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ళకే పోయింది. మీ చర్చ చదివి వినిపిస్తే, “పేరేదైతే ఏటమ్మా, అందులో నా పేరుండాల గాని” అన్నాడు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినప్పుడు పేరులో హక్కు ఉంది. సాగుదారు కార్డు కావాలంటే మాత్రం యజమాని సంతకం ఉన్న ఒప్పందం తెమ్మన్నారు. ఆయన పెట్టలేదు.

నా జవాబు:
అమ్మా, మీ చిన్నాన్నగారు అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ‘హక్కుదారు’ అని రాసి ఆయన్ని బయట నిలబెడితే ఆ మాటకు విలువ లేదు. అన్నట్టు ‘ఇన్‌పుట్ సబ్సిడీ’ మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. అది పోయిన పంటకు వెల కట్టి ఇచ్చేది కాదు, మళ్ళీ సాగుకు దిగడానికి పెట్టుబడి సాయం. దాన్ని నష్టపరిహారం అనుకుని చాలామంది ఊరుకుంటున్నారు.

మరో సంగతి. మన అర్జీలన్నీ ‘దయతో ఆదుకోవలసిందిగా ప్రార్థన’ అనే ముగుస్తాయి. ‘నాకు రావలసిన పరిహారం, సాగుచేసిన నా పేరున ఇప్పించవలెను’ అని రాస్తే మర్యాదకేమీ లోటు రాదు. మీ చిన్నాన్నగారి అర్జీ పాఠం ఇక్కడ పెట్టండి, మాస్టారూ నేనూ కలిసి సరిచేసి ఇస్తాం.