ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్: కాలేజీ వాళ్లు సంస్కృతమే అంటున్నారు, పాప తెలుగే అంటోంది

హుజూరాబాద్ అమ్మ
అందరికీ నమస్తే. మా పాప ఈసారి పది పాసైంది, తెలుగులో 94. ఎంపీసీ చేర్పిద్దామని హైదరాబాద్‌లో ఒక కాలేజీకి వెళ్లాం. అప్లికేషన్ చేతికిచ్చేసరికే సెకండ్ లాంగ్వేజ్ గడిలో 'సంస్కృతం' అని అచ్చు వేసి ఉంది. మిగతా గడులన్నీ ఖాళీ, అదొక్కటే నిండి ఉంది. పాప పెన్నుతో కొట్టేసి 'తెలుగు' అని రాసింది. కౌంటర్‌లో అబ్బాయి నవ్వి ఇంకో ఫారం ఇచ్చాడు. "తెలుగు సెక్షన్ లేదు మేడమ్, సంస్కృతం అయితే 98, 99 గ్యారంటీ" అన్నాడు. మా ఆయన అదే మంచిదంటున్నారు. పాప రెండు రోజులుగా సరిగా అన్నం తినట్లేదు. మీరేమంటారు?

ర్యాంకుల రాజు
ఇందులో ఆలోచించేదేముంది అక్కా? సంస్కృతం పెట్టించండి. ఇంటర్ అంటే వెయ్యి మార్కుల ఆట. ఫస్టియర్ 470, సెకండియర్ 530. అందులో సెకండ్ లాంగ్వేజ్‌వే 200. సంస్కృతంలో 190 పైన ఊరికే వస్తాయి. తెలుగులో ప్రతిపదార్థం, వ్యాకరణం అన్నీ బట్టీ కొట్టినా 150 దాటితే గొప్ప. ఆ టైం మ్యాథ్స్‌కి పెడితే ర్యాంకు వస్తుంది.

పద్యం పంతులు
ర్యాంకుకీ సంస్కృతానికీ సంబంధం లేదు. ఈ అపోహ పోవాలి. తెలంగాణ ఎంసెట్‌లో (ఇప్పుడు పేరు ఈఏపీసెట్, మనకింకా ఎంసెట్టే) ఇంటర్ మార్కుల వెయిటేజీని 2023లో ఎత్తేశారు. ఆంధ్రలో ఇంకా 25 శాతం ఉంది కానీ అది గ్రూపు సబ్జెక్టులకే, లెక్కలూ ఫిజిక్సూ కెమిస్ట్రీలకు. ఇక్కడ వెయిటేజీ ఉన్న రోజుల్లో కూడా అంతే. సంస్కృతంలో నూటికి నూరొచ్చినా ఎంసెట్ ర్యాంకు ఒక్క మెట్టు కదిలింది లేదు.

ర్యాంకుల రాజు
సార్, ఎంసెట్ ఒక్కటే పరీక్షా? జేఈఈ సంగతి ఏంటి? ఎన్ఐటీలో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) ఉండాలి, లేదంటే బోర్డులో టాప్ 20 పర్సంటైల్. డిగ్రీకి పోతే దోస్త్‌లో, అంటే డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో, సీట్లిచ్చేది ఇంటర్ మెరిట్ మీదే.

సందేహాల సత్యం
సంస్కృతం పేపర్ ఇంగ్లీషులో రాయొచ్చంటారు, నిజమేనా?

పద్యం పంతులు
75 శాతం అంటే వెయ్యికి 750. ఎన్ఐటీ సీటు తెచ్చుకునే పిల్లకి గ్రూపులో 600కి 540 రాకుండా ఉంటాయా? ఇంగ్లీషులో 200కి 160 వేసుకోండి, అక్కడికే 700. తెలుగులో బొటాబొటిగా పాసై, ఏడాదికి 35 చొప్పున 70 తెచ్చుకున్నా 770. ఇక సంస్కృతం దేనికి?

ర్యాంకుల రాజు
540 వచ్చేవాళ్ల లెక్క ఎవరడిగారు? మా ఫ్రెండ్ కొడుకు లెక్క చెప్తా. గ్రూపు 455, ఇంగ్లీషు 118, సంస్కృతం 193. మొత్తం 766, 75 శాతం దాటాడు. అదే తెలుగు తీసుకుని 120 వచ్చుంటే 693. గేటు బయటే.

పద్యం పంతులు
బాగుంది. జేఈఈ మెయిన్‌లో ఎంత వచ్చింది బాబుకి?

ర్యాంకుల రాజు
అది వేరే విషయం.

పద్యం పంతులు
వేరే ఎలా అవుతుంది? చివరికి ఎక్కడ చేరాడు?

ర్యాంకుల రాజు
మేడ్చల్ వైపు ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీ. ఎంసెట్ ర్యాంకు మీద.

పద్యం పంతులు
అంటే ఆ 193 దేనికీ అక్కరకు రాలేదు.

ఎంపీసీ బాధితుడు
😂😂

సందేహాల సత్యం
నా ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. ఇంగ్లీషులో రాయొచ్చా?

ఎంపీసీ బాధితుడు
శ్లోకం, సంధులు, శబ్దరూపాలు దేవనాగరిలో రాయాలి బ్రో. వ్యాసాలూ చిన్న ప్రశ్నలూ తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయొచ్చు. నేను ఇంగ్లీషులోనే రాశా. 99, 98. మొన్న గుడిలో మా తాత ఒక శ్లోకానికి అర్థం అడిగితే సిలబస్‌లో లేదన్నా.

గీర్వాణి
ఇలాంటివాళ్ల వల్లే సంస్కృతానికి చెడ్డపేరు. నేను సంస్కృతం ఎంఏ. మార్కుల భాష అన్న మాట వింటే కడుపు మండుతుంది. మా భాష మీద ప్రేమతో వచ్చే పిల్లవాడు సెక్షన్‌కి ఒక్కడు కూడా ఉండడు. మీరు గొడవపడేది తెలుగు గురించి, మధ్యలో నలిగేది మేము.

డల్లాస్ దుర్గ
ఇక్కడ టెక్సాస్‌లో హైస్కూల్ పాసవ్వాలంటే 22 క్రెడిట్లు కావాలి, ఎండార్స్‌మెంట్ (ఒక రంగంలో అదనపు కోర్సులు) తీసుకుంటే 26. అందులో ఇంగ్లీషు కాకుండా ఇంకో భాషవి 2. మా వాడు స్పానిష్ క్లాసులో కూర్చోకుండా తెలుగు పరీక్ష రాసి ఆ రెండూ తెచ్చుకున్నాడు, మా స్కూల్ డిస్ట్రిక్ట్ ఒప్పుకుంది. అమెరికాలో తెలుగుకి విలువుంది, మన దగ్గర లేదు. బాధేస్తుంది.

ర్యాంకుల రాజు
అక్కా, మీ దగ్గర స్పానిష్ తప్పించుకోవడానికి తెలుగు. మా దగ్గర తెలుగు తప్పించుకోవడానికి సంస్కృతం. తేడా ఏముంది?

డల్లాస్ దుర్గ
తప్పించుకోవడం కాదండీ, ఇంట్లో మాట్లాడతాడు కాబట్టి రాశాడు. అనవసరంగా వచ్చానిక్కడికి.

హుజూరాబాద్ అమ్మ
గొడవపడకండి ప్లీజ్. నాకు కావాల్సింది ఒక్కటే. తెలుగు తీసుకుంటే నష్టం ఉందా లేదా?

మిర్యాలగూడ మామ
నష్టం లేదు, లాభం లేదు. ఏది తీసుకున్నా 35 రావాలె. అన్ని సబ్జెక్టుల్ల 35 శాతం వస్తేనే పాస్, ఒక్కదాంట్ల పోయినా సప్లిమెంటరీ. ఇంకోటి, మార్కులు కలవయి కదా అని ఎవ్వలూ పట్టించుకోరు గానీ ఫస్టియర్ల నైతిక విలువల పరీక్ష, పర్యావరణం పరీక్ష ఉంటయి. మా అల్లుని చెల్లె పర్యావరణం పరీక్షనాడు పెండ్లికి పోయింది. అన్నిట్ల ఫస్ట్ క్లాస్, పాస్ మెమో మాత్రం రాలే. మళ్ల రాసినంకనే వచ్చింది. ఆ తారీఖు క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండ్రి.

పద్యం పంతులు
అమ్మా, మీకు సూటిగా చెప్తాను. ఎంసెట్‌కి నష్టం లేదు. బాగా చదివే పిల్లకి జేఈఈ దగ్గరా నష్టం లేదు. తెలుగు సెక్షన్ లేదన్నది కూడా దేవుడు రాసిన రాతేమీ కాదు, వాళ్లు ఎత్తేసిందే. నాకెలా తెలుసంటే, పదకొండేళ్లు ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పాను. చేరినప్పుడు ఆరు సెక్షన్లు. తర్వాత మూడు, ఒకటి, చివరికి సున్నా. ఆ ఏడు జూన్‌లో ప్రిన్సిపాల్ పిలిచి "మిమ్మల్ని తీసేయట్లేదు సార్" అని ఫ్లోర్ ఇంచార్జిని చేశారు. సాయంత్రం ఆరు నుంచి పదింటిదాకా స్టడీ అవర్. నిద్రపోయే పిల్లాణ్ణి భుజం తట్టి లేపడం, బాత్రూంకి వెళ్లినవాడు తిరిగొచ్చాడా లేదా రాసుకోవడం. ఎంఏ, ఎంఫిల్ చదివింది అందుకు. ఏడాది చేశాను. ఇప్పుడు ట్యూషన్లు.

ర్యాంకుల రాజు
ఇప్పుడు అర్థమైంది. మీ ఉద్యోగం పోయింది కాబట్టి మా పిల్లలు తెలుగు తీసుకోవాలి. ఈ ముక్క మొదట్లోనే చెప్తే అయిపోయేది కదా సార్.

పద్యం పంతులు
నోరు అదుపులో పెట్టుకోండి. నా ఉద్యోగం సంగతి తర్వాత. పదిహేనేళ్ల పిల్ల ఇష్టపడి అడుగుతుంటే వద్దనే మనుషులు మీరు. తల్లి భాష చదవడానికి నామోషీ, తల్లి భాషంటే చులకన. పాలిచ్చిన తల్లి నుడి రెండేళ్లు చదవలేనివాడు ఎన్ని ర్యాంకులు తెచ్చి ఏం లాభం?

ర్యాంకుల రాజు
ఎవరి తల్లి సార్?

చెప్తా వినుండ్రి. ఇన్ని రోజులు చెప్పలే. మాది దేవరకొండ దిక్కు తండా. మా అమ్మకు తెలుగు రాదు. అంగట్ల బేరం ఆడెటంత వస్తది, గంతే. మా ఇంట్ల మాట్లాడేది లంబాడి. నేను బడికి పోయినంకనే తెలుగు నేర్చుకున్న, అది గూడ మా ఊర్ల మాట్లాడే తెలుగు. 1998ల ఇంటర్ సెకండియర్. మ్యాథ్స్ 75కు 71. ఎంసెట్ ర్యాంకు గూడ వచ్చింది. తెలుగుల 33. రెండంటే రెండు మార్కులు. కౌన్సెలింగ్‌కు పాస్ మెమో కావాలె, నా తాన లేదు. సప్లిమెంటరీ రాసి పాసయ్యేసరికి సీట్లు నిండినయి. మా అయ్య ఒక ఎద్దు అమ్మి ఎంసెట్ మళ్ల రాయనీకి లాంగ్ టర్మ్ కోచింగ్‌ల చేర్పిచ్చిండు.

నేను ఏం తప్పు రాసిన్నో తెల్వదు. కథ మొత్తం వచ్చు నాకు. పాత్రలొచ్చు, నీతొచ్చు. నాకొచ్చిన తెలుగుల రాసిన. "వచ్చిండు, పోయిండు, గట్లనే చెప్పిండు" అని రాసుంటా. అమ్మభాష అని మీరు అంటున్నది మా అమ్మ భాష కాదు, నా భాష గూడ కాదు. మా పిల్లలు ఆ పేపర్ ముట్టొద్దని గందుకే అన్న. సంస్కృతం ఎవ్వలకూ అమ్మభాష కాదు, ఆడ అందరికీ సున్నా నుంచే మొదలు.

ఎంపీసీ బాధితుడు
అన్నా 🙏

గీర్వాణి
సంస్కృతానికి ఇలాంటి సమర్థన నేనెప్పుడూ వినలేదు. ఏమనాలో తెలియట్లేదు.

సందేహాల సత్యం
లాంగ్ టర్మ్ ఫీజు అప్పట్లో ఎంత ఉండేది?

పద్యం పంతులు
రాత్రి రాయలేకపోయాను.
రాజు గారూ, 1998లో నేను పేపర్లు దిద్దలేదు. 2004 నుంచి దిద్దాను. క్యాంపులో చెక్క బల్ల మీద కట్ట పెట్టుకుని, ఫ్యాన్ గాలికి ఎగిరిపోకుండా స్కేలు బరువు పెట్టి దిద్దేవాళ్లం. 'పోయిండు' అని కనబడితే ఎర్ర గీత కొట్టినవాణ్ణే. ఎన్నిసార్లో లెక్క లేదు. కొట్టమని ఎవరూ చెప్పలేదు. మా సార్లు మా పేపర్లలో అలాగే కొట్టారు, చెయ్యి అలవాటు పడింది. తెలంగాణ వచ్చాక కొంత తగ్గించాను, పూర్తిగా మానలేదు. తల్లి మాట ఎత్తినందుకు క్షమించండి.
అయినా ఒకటి అంటాను. ఇలాగే సెక్షన్లు ఎత్తేస్తూ పోతే గీత కొట్టేవాడూ ఉండడు, కొట్టొద్దని చెప్పేవాడూ ఉండడు. రాయడానికి మీ భాషా మిగలదు, నాదీ మిగలదు.

ర్యాంకుల రాజు
క్షమాపణ ఎందుకు సార్, పెద్దవాళ్లు. నేను కూడా మీ ఉద్యోగం మాట ఎత్తకుండా ఉండాల్సింది. కానీ దిద్దే చెయ్యి మారిందని నేనెట్ల నమ్మాలె? మా చిన్నదానికి ఫారం నింపేసిన. సంస్కృతమే.

మిర్యాలగూడ మామ
నింపే ముందు దాన్ని అడిగినవా తమ్మీ?

మిర్యాలగూడ మామ
రాజూ?

హుజూరాబాద్ అమ్మ
నిన్న పాపే కాలేజీకి ఫోన్ చేసింది, నాకు చెప్పకుండా. ఇరవై మంది అడిగితే తెలుగు సెక్షన్ పెడతామన్నారట. వదిలించుకోవడానికి అన్నారో నిజంగానే అన్నారో తెలియదు. తన పదో తరగతి వాట్సాప్ గ్రూపులో, అక్కడ చేరిన వేరే ఊళ్ల పిల్లల దగ్గర అడుగుతోంది. ఇప్పటికి ఏడుగురు. మా ఆయన ఇంకా ఏమీ అనలేదు, ఫారం మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశారు. కాలేజీ తెరిచే లోపు ఇరవై కాకపోతే మా ఊరి గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో చేరతానంటోంది. అక్కడ తెలుగు సార్ ఉన్నారు. పొద్దున ఇడ్లీ తింది.

సందేహాల సత్యం
హిందీ తీసుకుంటే ఎలా ఉంటుంది?